యాంబియెంట్, గ్లిచ్ ఆల్బమ్‌లు: ముందు ఇంటి చప్పుడు, తర్వాత సంగీతం

మంచి యాంబియెంట్ ఆల్బమ్‌లు, అంటే గది వాతావరణంలో కలిసిపోయేలా నెమ్మదిగా సాగే సంగీతం, చెప్పమని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేర్లు చెప్పను. వినే గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ ఏ రకమో ముందు అడుగుతాను. గ్లిచ్ అనేది యంత్రాల లోపాల చప్పుళ్లతోనే కట్టే సంగీతం, అందులో టిక్కులు, గరగరలు, సీడీ తడబాట్లు కావాలని పెట్టినవి. మన చార్జరూ బ్లూటూతూ చేసే చప్పుళ్లు వాటిలో కలిశాయంటే ఏది ఎవరిదో తేలదు. అందుకే నేను ఇల్లు సర్దుకున్నాకే ఆల్బమ్‌ల జోలికి వెళ్తాను.

నాబ్ నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి ఫ్యాన్‌కి పంపిస్తుంది. అందుకే స్పీడ్ తగ్గించినకొద్దీ మోటారు గుంయ్‌మంటుంది. టక్ టక్‌మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకానికి ఈ బాధ లేదు. ఎలక్ట్రీషియన్ వస్తే మార్చడం చిన్న పని. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మామూలు ఫ్యాన్లు గుంయ్‌మంటాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ లేకపోతే ఆ కాసేపు వినడం ఆపేయడమే మేలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ గుంయ్ 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర కూర్చుంటుంది. లోతైన బాస్ ఉన్న ఆల్బమ్‌లకి అదే ప్రాణస్థానం. ల్యాప్‌టాప్‌లో వింటుంటే చార్జర్ పిన్ తీసి చూడండి. గుంయ్ ఆగిందంటే లోపం ఫైల్‌లో లేదు, చార్జర్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉంది. స్పీకర్లయితే ల్యాప్‌టాప్‌నీ యాంప్లిఫయర్‌నీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

కూకట్‌పల్లి, నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్లలో తెల్లారాక సంపు మోటారు, వాటర్ ట్యాంకర్, లిఫ్ట్ ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి. నేను రాత్రి పదకొండు దాటాక వింటాను. మెట్రోలో మాత్రం ఈ సంగీతం వద్దు. బండి రొదని దాటించాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. శబ్దం పెరిగినకొద్దీ ఆ గంటలు చకచకా తగ్గిపోతాయి.

ఇయర్‌ఫోన్స్ వైరువే కావాలి. మామూలు బ్లూటూత్‌లో ఎస్‌బీసీ అనే కోడెక్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) కొంత పోగొట్టి పంపుతుంది. పాటకి అది పెద్దగా తెలియదు గానీ, సూదిమొనలాంటి టిక్కు కొస మొద్దుబారిపోతుంది. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్ సీ అడాప్టర్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, కొనేముందు అక్కడే పెట్టుకుని నిశ్శబ్దంలో హిస్ (సన్నటి బుస) వస్తోందేమో చూడాలి. చెవిలోకి వెళ్లే రబ్బరు టిప్ సైజు కుదరకపోతే బాస్ మొత్తం కారిపోతుంది. మూడు సైజులూ పెట్టి చూడండి. ఇక ప్లేయర్‌లో క్రాస్‌ఫేడ్, ఈక్వలైజర్, వాల్యూమ్ నార్మలైజేషన్, ఫోన్‌లోని సరౌండ్ ఎఫెక్ట్ అన్నీ ఆపాలి. గ్యాప్‌లెస్ ఒక్కటే ఆన్‌లో ఉండాలి. ట్రాక్ నుంచి ట్రాక్‌కి ఆగకుండా సాగే ఆల్బమ్‌లో అర సెకను ఖాళీ వస్తే అప్పటిదాకా కట్టినదంతా తెగిపోతుంది.

కొనడానికి నేను బ్యాండ్‌క్యాంప్ అనే విదేశీ సంగీత వెబ్‌సైట్ వాడతాను. మన డెబిట్, క్రెడిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డులకి రిజర్వ్ బ్యాంక్ నియమం అది. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, చిన్న లిమిట్ పెట్టి, కొన్నాక మళ్లీ ఆపేయడం మంచిది. ధర మీద ఫారెక్స్ చార్జీ, దాని మీద జీఎస్టీ కూడా పడతాయి. డౌన్‌లోడ్ ఫ్లాక్‌లో, అంటే శబ్దంలో ఏమీ పోకుండా కుదించే ఫైల్ రకంలో తీసుకోండి. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది, టిక్కుకి ముందు చిన్న నీడలాంటి శబ్దం చేరుతుంది.

ఒక టిక్కు ఆల్బమ్‌దా, మనదా అని అనుమానం వస్తే అదే చోటు రెండోసారి వినండి. మళ్లీ అదే సెకనులో వస్తే ఫైల్‌లో ఉన్నట్టు, చోటు మారితే బఫర్ లోపం, అంటే ఫోన్ శబ్దాన్ని సమయానికి అందించలేకపోయింది. ఫైల్‌లోనే ఉంటే, డౌన్‌లోడ్‌లో పాడైందేమో ఫ్లాక్ టెస్ట్ కమాండ్‌తో చూడొచ్చు. ఫ్లాక్ తన లోపలే శబ్దానికి ఒక ఎండీ5 గుర్తు దాచుకుంటుంది, అది సరిపోలితే డౌన్‌లోడ్‌లో ఏమీ పాడవలేదు, ఆ టిక్కు ఫైల్ చేసినప్పటి నుంచీ ఉన్నదే.

ఇక ఆల్బమ్‌లు. మొదటిది బ్రయన్ ఈనో 1978లో చేసిన మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్. ఇందులో 2/1 అనే ట్రాక్‌తో మొదలుపెట్టండి. అందులో గొంతులు తప్ప ఇంకేమీ లేవు. ఒక్కో స్వరాన్ని పట్టుకున్న గొంతు ఒక్కో టేపు లూప్ (కొసలు కలిపి అతికించిన టేపు చుట్టు) మీద తిరుగుతుంది. ఆ లూపుల్లో ఒకటి దాదాపు 23న్నర సెకన్లు, ఇంకొకటి 26కి కాస్త తక్కువ, మరొకటి 30కి కాస్త తక్కువ అని ఈనో తర్వాత వివరించాడు. పొడవులు పొంతన లేనివి కాబట్టి స్వరాలు కలిసే తీరు ట్రాక్ అయ్యేదాకా మళ్లీ అలాగే రాదు. ఒక్క గొంతుని ఎంచుకుని, అది మళ్లీ ఎప్పుడొస్తుందో గడియారం పెట్టుకుని చూస్తే లోపలి యంత్రం తెలిసిపోతుంది. వాల్యూమ్ తక్కువగా, కిటికీ తెరిచి వినాల్సిన ఆల్బమ్ ఇదొక్కటే. గదిలోని చప్పుళ్లతో కలిసిపోవాలనే దీన్ని చేశారు. దీని వెంట హిరోషి యోషిమురా 1982లో చేసిన మ్యూజిక్ ఫర్ నైన్ పోస్ట్ కార్డ్స్ వినొచ్చు, హాయిగా ఉంటుంది.

తర్వాత విలియం బాసిన్స్కీ, ద డిసింటిగ్రేషన్ లూప్స్. 1980ల నాటి టేపు లూపుల్ని 2001లో డిజిటల్‌లోకి ఎక్కిస్తుంటే, టేపు మీది ఐరన్ ఆక్సైడ్ పొర ఒక్కో చుట్టుకీ కొంచెం కొంచెం రాలింది. రాలిన చోటల్లా శబ్దానికి చిల్లు పడింది. మొదటి భాగం గంటకి పైనే ఉంటుంది. తొలిసారి వినేవాళ్లకి నా సలహా: మొదటి మూడు నిమిషాలు విని, తిన్నగా 50వ నిమిషానికి వెళ్లండి. ఎంత పోయిందో చెవికి అందాక, ఇంకో రోజు మొదటి నుంచి ఆపకుండా వినండి. ఏ చుట్టులో ఏ అంచు ఊడిందో పట్టుకోవడానికి ప్రయత్నిస్తే ఆ గంట ఇట్టే గడిచిపోతుంది. నా వరకు ఈ జాబితాలో అన్నిటికన్నా గొప్పది ఇదే.

గ్లిచ్‌లోకి దిగడానికి మెట్టు, ఆల్వా నోటో, ర్యూయిచీ సకమోటో కలిసి చేసిన వ్రియూన్, 2002. పియానో చేయి పట్టుకుని నడిపిస్తుంటే పక్కన సన్నటి టిక్కులు పడుతుంటాయి. ఫెనెస్ 2001లో తెచ్చిన ఎండ్‌లెస్ సమ్మర్‌లో గిటారు ల్యాప్‌టాప్‌లో చిరిగిపోతూనే రాగంగా నిలుస్తుంది. పోల్ అనే జర్మన్ సంగీతకారుడి మొదటి ఆల్బమ్ 1998లో వచ్చింది. దెబ్బతిన్న వాల్డార్ఫ్ కంపెనీ ఫిల్టర్ (శబ్దాన్ని వడకట్టే పరికరం) ఒకటి చిటపటమంటుంటే దాన్నే తాళంగా వాడుకున్నాడు. ఇయర్‌ఫోన్ టిప్ సరిగ్గా బిగిసిందా లేదా అన్నది ఈ ఆల్బమ్ బాసే చెప్తుంది.

జర్మన్ బృందం ఓవల్ 1995 నాటి ఆల్బమ్ 94డిస్కాంట్‌లోని డూ వైల్ అనే ట్రాక్ దాదాపు 24 నిమిషాలు. సీడీల మీద మార్కర్‌తో గీతలు గీసి, అవి తడబడినప్పుడు వచ్చిన ముక్కల్ని ఏరి కట్టే పద్ధతి వాళ్లది. ఏ గీత పడితే ఆ గీత పనిచేయదు. సీడీలోని తప్పులు దిద్దే ఏర్పాటు ట్రాక్ వెంబడి దాదాపు 2.5 మిల్లీమీటర్ల లోపాన్ని పూర్తిగా పూడ్చేస్తుంది. అంతకు మించితే పక్క విలువల్ని చూసి ఊహించి నింపుతుంది, అదీ చేతకానప్పుడు తడబడుతుంది. ఆ తడబాటే ఇక్కడ ముడిసరుకు. యసునావో టోన్ సీడీ మీద సూదితో చిల్లులు పొడిచిన టేపు అతికించి ఇదే ఏర్పాటుని ఓడించాడు. 1997 నాటి సోలో ఫర్ వూండెడ్ సీడీ చాలా కటువైనది, ఓవల్ నచ్చాకే దాని దగ్గరకి వెళ్లండి.

ర్యోజీ ఇకేడా ప్లస్ మైనస్, 1996, దీన్ని వాల్యూమ్ మామూలు కన్నా తగ్గించి మొదలుపెట్టాలి. అతి సన్నటి ఉన్నత స్వరాలు గట్టిగా వినపడనట్టే ఉంటాయి గానీ చెవికి భారం భారమే. ఆల్బమ్ చివర్లో ఒక స్వరం ఉంటుంది. అది ఆగిపోయినప్పుడే ఇంతసేపూ ఉందని తెలుస్తుంది. ఫ్యాన్ గుంయ్ ఉన్న గదిలో ఆ క్షణం దొరకదు.

కచేరీలకి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఈ వరుసంతా అక్కర్లేదు. తంబురా శ్రుతిలో మీటని స్వరాలు పైన మెరవడం పోల్చగలిగిన చెవి ఫ్రెంచ్ స్వరకర్త ఎలియాన్ రదీగ్ ట్రిలజీ ద లా మోర్‌ని నేరుగా అందుకుంటుంది. ఏఆర్‌పీ 2500 సింథసైజర్ మీద మూడు భాగాలు, ఒక్కోటి దాదాపు గంట చొప్పున. మన దేశపు శబ్దాలు కావాలంటే ద ఎన్ఐడీ టేప్స్ ఉంది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్ నిలబెట్టాక, 1972 దాకా గీతా సారాభాయ్, ఎస్.సి. శర్మ వంటివారు రికార్డు చేసినవి. 2023లో విడుదలయ్యాయి. టేపు హిస్ ఉంటుంది, నాయిస్ రిడక్షన్ ఏదీ ఆన్ చేయకుండా వినండి.