ఆ రోజు తలస్నానం

మా ఎదురింటి పెద్దాయన పోయినప్పుడు, పాపను తీసుకెళ్లాలా వద్దా అని రెండు రోజులు మథనపడ్డాను. దానికి సైకిల్ నేర్పింది ఆయనే. మా పెరట్లో కాసిన బెండకాయలు మొదట వెళ్లేది ఆయనింటికే. మా ఊళ్లో అయితే చిన్నపిల్లల్ని శ్మశానం ఛాయలకు కూడా రానివ్వరు, ఆడవాళ్లం మేమే గుమ్మం దగ్గర ఆగిపోతాం. కానీ తొమ్మిదేళ్ల పిల్ల "తాత కోసం నేను రావద్దా?" అని అడిగితే కాదనలేకపోయాను.

లాస్ ఏంజిలెస్‌లో ఫారెస్ట్ లాన్ హాలీవుడ్ హిల్స్ చూస్తే శ్మశానం అనిపించదు. కొండవాలంతా పచ్చిక, అందులో నేలకు సమంగా పరిచిన కంచు పలకలు. ప్రార్థన అక్కడి 'చర్చ్ ఆఫ్ ద హిల్స్'లో. మనవాళ్లందరికీ తెలిసిన లారెల్-హార్డీ జంటలో లారెల్‌కి 1965లో తుది వీడ్కోలు పలికింది కూడా అక్కడే.

గుమ్మం దగ్గర పాప ఆగిపోయి, "చెప్పులు ఎక్కడ విప్పాలమ్మా?" అంది. లోపలికెళ్లాక చెవిలో, "దేవుడెక్కడ?" అని అడిగింది.

ఆ చర్చికి నమూనా మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉండేది, దాదాపు 3,000 మైళ్ల దూరంలో. కవి లాంగ్‌ఫెలో చిన్నప్పుడు వెళ్లిన ఫస్ట్ పారిష్ మీటింగ్ హౌస్ అది. మీటింగ్ హౌస్ అంటే మా ఊరి రామమందిరం లాంటిదని చెప్పాను. మా ఊళ్లో పొద్దున భజన, సాయంత్రం అదే అరుగు మీద ఊరి తగవులు. వాళ్లకు ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో ఊరి సభలు. మెయిన్ రాష్ట్రానికి రాజ్యాంగం రాసుకోవడానికి 1819లో పెద్దలు కూర్చున్నది కూడా పోర్ట్‌లాండ్ మీటింగ్ హౌస్‌లోనే. విగ్రహాలు, అలంకారాలు వాళ్లు పెట్టుకోలేదు. మనుషులు కలిసి కూర్చోవడమే వాళ్లకు ముఖ్యం.

"అంటే మన మాలిబు గుడిలాగా, ఎక్కడిదో చూసి ఇక్కడ కట్టారా?" అంది. అవును, మన ఆలయ శిల్పం చూసి ఇక్కడి కాలబాసస్ కొండల్లో మనవాళ్లు ఆ గుడికి గోపురం లేపినట్టే.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఫిరంగి గుండు కథ చెప్పాను. 1775లో బ్రిటిష్ ఓడలు ఆ పోర్ట్‌లాండ్ ఊరిని తగలబెట్టినప్పుడు ఒక గుండు మీటింగ్ హౌస్‌కి తగిలింది. 1740 నాటి ఆ చెక్క కట్టడాన్ని 1825లో తీసేసి రాతి చర్చి కట్టుకున్నారు. గుండును మాత్రం పారేయలేదు, కొత్త చర్చిలో దీపాల గుత్తికి అమర్చారు. పాప చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటికి రాగానే అలవాటుగా, "దేన్నీ ముట్టుకోకు, ముందు తలకి పోసుకో" అన్నాను.

"ఎందుకమ్మా? తాత మురికా?"

నాకు గొంతు పట్టేసింది. మైల అనే మాటను నేను ఎప్పుడూ ప్రశ్నించలేదు. నాయనమ్మ చెప్పింది, చేశాను. "తాత మురికి కాదమ్మా. ఏడ్చి వచ్చినప్పుడు నీళ్లు పోసుకుంటే ఒళ్లు తేలికపడుతుంది" అన్నాను. శాస్త్రం ఏమంటుందో గానీ, ఆ మాట నేను మనసారా నమ్మే అన్నాను. ఇద్దరం తలస్నానాలు చేశాం.

చర్చిలో ఇచ్చిన కార్డు మీద ఆయన ఫొటో ఉంది. అలాంటి చోటు నుంచి మనం ఏదీ ఇంట్లోకి తేము. పాప మాత్రం దాన్ని గౌను జేబులో దాచుకొచ్చి, పూజ అలమర పక్కన మా నాన్న ఫొటోకి ఆనించి నిలబెట్టింది. తీసేయబోయి ఆగిపోయాను.

ఆ వారం వీడియో కాల్‌లో మా అమ్మ, పసిపిల్లను అక్కడికెందుకు తీసుకెళ్లావే అని ముందు గట్టిగా కోప్పడింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, "మీ నాన్న పక్కన ఆ దొరెవరే?" అని అడిగింది.

"సైకిల్ తాత, అమ్మమ్మా" అంది పాప.

అమ్మ కాసేపు చూసింది. "మరి బొట్టు పెట్టలేదేం?" అంది.