హుడ్ కొండ మంచు, కొలంబియా గాలి

జూన్ మొదటి శనివారం పొద్దున్నే అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మేముండే హిల్స్‌బరో నుంచి బయల్దేరాం. కారులో నేను, మా ఆవిడ, ధవళేశ్వరం నుంచి నెల కిందటే వచ్చిన మా మావయ్యగారు. అత్తగారు మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయారు కానీ స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపి ఇచ్చారు. శనివారం హుడ్ కొండ మీద మంచు, ఆదివారం కొలంబియా నది మీద గాలి, ఇదీ ప్లాను. ఈ రెండూ ఒకే వారాంతంలో కుదిరేలా బుధవారం నుంచి అంచనాలు ముందేసుకుని కూర్చున్నాను.

మా ఆవిడ దాన్ని పంచాంగం చూడ్డం అంటుంది. అననీ. జనవరిలో రెండుసార్లు దెబ్బతిన్నాక వచ్చిన జాగ్రత్త అది.

మొదటిసారి ఫోన్లో మౌంట్ హుడ్ అని కొట్టి చూస్తే 40 డిగ్రీల ఫారెన్‌హీట్, వాన అని చూపించింది. వానలో ఎవరు పోతారని మానేశాం. సోమవారం ఆఫీసుకి వెళ్తే తోటివాళ్లు నడుముల్లోతు మంచులో దిగిన ఫొటోలు చూపించారు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే 40 డిగ్రీలు, అదే వాన. కింద వాన పడితే పైన మంచు పడుతుందని ఈసారి నాకు తెలుసుగా! బోలెడు పోసి మంచు మీద జారే స్కీ సామాను అద్దెకు తీసుకుని వెళ్లాం. ఆరువేల అడుగుల మీద కూడా కుండపోత వానే. తడిసి ముద్దయి, ఒక్కసారి కూడా జారకుండా తిరిగొచ్చాం.

తర్వాత ఆరా తీస్తే తేలిందేమిటంటే, నా ఫోను చూపిస్తున్నది అసలు కొండనే కాదు. కొండకి ఉత్తరాన పళ్లతోటల మధ్య అదే పేరుతో ఒక చిన్న ఊరుంది, సుమారు 1,500 అడుగుల ఎత్తులో. కొండ శిఖరమేమో 11,249 అడుగులు. మామూలు రోజుల్లో వెయ్యి అడుగులు ఎక్కితే మూడు, మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది, కాబట్టి మొదటిసారి ఊళ్లో 40 ఉంటే పైన ఇరవైల్లో, అంటే నీరు గడ్డకట్టే 32 కన్నా కింద ఉండి మంచు దంచేసింది. రెండోసారి పసిఫిక్ మీంచి వెచ్చటి తేమగాలి వచ్చి పైన కమ్ముకుంది. చల్లగాలి బరువు కదా, లోయ అడుగునే చిక్కుకుపోయింది. ఊళ్లో 40, పైనా దాదాపు 40. ఒకే అంకె, రెండు వేరు వేరు ఆకాశాలు.

అప్పట్నుంచి నేను ఊరి పేరు కొట్టడం మానేశాను. ప్రభుత్వ వాతావరణ శాఖ పటంలో కొండ మీద నాకు కావలసిన చోట వేలు పెడతాను. పటంలో ఆ చిన్న గడికి అంచనాని ఎన్ని అడుగుల ఎత్తుకి లెక్కవేశారో పక్కనే రాసి ఉంటుంది. ముందు అది చూసి, తర్వాత ఫ్రీజింగ్ లెవెల్ చూస్తాను, అంటే నీరు గడ్డకట్టే చలి ఎన్ని అడుగుల దగ్గర మొదలవుతోందో. మంచు రేకులు అక్కడినుంచి ఇంకో వెయ్యి అడుగుల దాకా కరగకుండా కిందికి రాగలవు. ఆ శనివారానికి ఫ్రీజింగ్ లెవెల్ ఆరువేల అడుగులని ఉంది. మధ్యలో గవర్నమెంట్ క్యాంప్ అనే ఊరు నాలుగువేల లోపు, మేం వెళ్లే టింబర్‌లైన్ లాడ్జి ఆరువేలు. ఊళ్లో వాన, లాడ్జి దగ్గర మంచు. లెక్క ప్రకారం మారేది ఐదువేల దగ్గర.

గవర్నమెంట్ క్యాంప్‌లో నిజంగానే ముసురు. అక్కడ పెద్ద రోడ్డు వదిలి ఎడమకి తిరిగితే పైకి ఆరు మైళ్ల ఘాట్ రోడ్డు. "జూన్ నెల్లో మంచేంటండీ, రోహిణి ఎండలు కూడా పూర్తిగా పోలేదు" అన్నారు వెనకసీట్లోంచి మావయ్యగారు. అప్పటికే మంకీ క్యాప్ పెట్టేసుకున్నారు. నేను ఫోన్లో ఎత్తు చూపించే పేజీ తెరిచి మా ఆవిడ చేతికిచ్చాను. 4,300. 4,600. అద్దం మీద చినుకులు చినుకుల్లాగే పడుతున్నాయి. 4,800 దాటాక ఒక్కో చుక్క పడ్డచోట కొంచెం ఆగి, చిక్కగా, పలచటి గంజిలా జారడం మొదలుపెట్టింది. వైపర్ చప్పుడు మారింది. అంతవరకూ టకటక కొట్టుకున్నది ఇప్పుడు బరువుగా ఈడుస్తోంది. "ఐదువేల వంద" అంది మా ఆవిడ. తలెత్తి చూస్తే చినుకుల్లేవు. దూదిపింజల్లాంటివి అడ్డంగా ఎగిరివచ్చి అద్దానికి అతుక్కుంటున్నాయి. నేను గెలిచినంత గర్వంగా వెనక్కి చూస్తే మావయ్యగారు మిక్చర్ ప్యాకెట్ చేత్తో పట్టుకుని నొక్కి చూస్తున్నారు. ఇంట్లో మెత్తగా ఉన్న ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది. "పైకొచ్చేకొద్దీ గాలి బరువు తగ్గుతోందన్నమాట" అన్నారు.

టింబర్‌లైన్ లాడ్జి 1930ల మాంద్యం రోజుల్లో పనుల్లేని వడ్రంగులకీ, రాతిపనివాళ్లకీ పని కల్పించడం కోసం ప్రభుత్వం కట్టించింది. 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభించారు. మధ్యలో పెద్ద రాతి పొయ్యి, చుట్టూ సోఫాలు. మావయ్యగారు అక్కడ స్థిరపడిపోయారు. పై కొసన 8,500 అడుగుల దాకా వెళ్లే లిఫ్టు గాలికి ఆపేశారు. వేసవి అంతా స్కీయింగ్ జరిగేది ఆ పైభాగంలోనే, అది పోయింది. కింద లిఫ్టు దగ్గర గంటన్నర తిరిగాను. కొత్తగా మూడంగుళాల మంచు, కానీ తడి మంచు. ఇక్కడివాళ్లు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. పేరు ఊరికే పెట్టలేదు, స్కీ తిరగాల్సినచోట తిరగదు, కాళ్లు అక్కడే ఉండి మనిషి ముందుకి వెళ్తాడు. రెండుసార్లు వెళ్లాను. అంచనాలో అంగుళాలు చూశాను గానీ ఆ మంచులో నీరెంత అన్నది చూసుకోలేదు. గడ్డకట్టే చలికి అటూ ఇటూగా ఉండే రోజున పడేది ఇలాంటి మంచే.

కారులో పులిహోర తిని, 35వ నంబరు రోడ్డు మీద కొండ తూర్పువైపు దిగాం. గంటలో వేరే దేశంలోకి వచ్చినట్టుంది. వాన లేదు, పియర్ తోటలు, ఎండ. సముద్రం మీంచి వచ్చే మేఘాలు పడమటి వాలు ఎక్కుతూనే బరువు దించేసుకుంటాయి, ఇటు వచ్చేసరికి ఖాళీ. కొలంబియా ఒడ్డునే చూస్తే, కాస్కేడ్ లాక్స్‌లో ఏడాదికి 75 అంగుళాల దాకా వాన పడితే, నలభై మైళ్లు తూర్పున డాల్స్ అనే ఊళ్లో 14 అంగుళాలు పడితే ఎక్కువ. మేం ఆ రాత్రి ఆగిన హుడ్ రివర్ ఊరు ఆ రెండింటికీ నడిమధ్య ఉంది. అక్కడ గాలి ఆడేది కూడా ఈ నడిమధ్యతనం వల్లే.

రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారు నిలదీశారు: "మంచు సరే, ఎత్తు లెక్క. రేపు గాలి వీస్తుందని ఏ ధైర్యంతో గది బుక్ చేశారు?"

ఫోను తీసి చూపించాను. పడమటనున్న పోర్ట్‌లాండ్ విమానాశ్రయంలో గాలి పీడనం ఎంత, తూర్పునున్న డాల్స్ విమానాశ్రయంలో ఎంత. గంటగంటకీ కొలతలు వస్తాయి. కాస్కేడ్ పర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి గోడలా ఉంటాయి, వాటిని దాదాపు సముద్రమట్టంలోనే చీల్చుకుని వెళ్లే దారి ఈ కొలంబియా లోయ ఒక్కటే. ఎనభై మైళ్ల పొడవు, కొన్నిచోట్ల నాలుగువేల అడుగుల లోతు. వేసవిలో తూర్పున ఎడారి కాగి అక్కడ పీడనం పడిపోతుంది. పడమట సముద్రం చల్లగాలిని ఇటు నెడుతుంది. ఆ గాలికి ఉన్న సందు ఇదే. పడమటి పీడనం ఎంత ఎక్కువైతే అంత జోరు. చలికాలంలో లెక్క తిరగబడుతుంది, చల్లగాలి తూర్పున నిండిపోయి పోర్ట్‌లాండ్ మీదికి దూసుకొస్తుంది. ఈ రోజు కొండ మీద మంచు కురిపించిన మేఘమే వెళ్తూ వెళ్తూ వెనకాల చల్లటి సముద్రపు గాలిని లాక్కొస్తుంది. రేపు పోర్ట్‌లాండ్ పీడనం పెరుగుతుంది, డాల్స్‌లో ఎండ కాస్తుంది. అందుకే శనివారం మంచు, ఆదివారం గాలి.

ఆయన కాసేపు ఆ రెండు అంకెలూ చూశారు. ఇరిగేషన్‌లో, ధవళేశ్వరం హెడ్ వర్క్స్ దగ్గర ముప్పై ఏళ్లు నీటిమట్టాలు రాసిన మనిషి.

"అంటే మేం భద్రాచలం చూసుకున్నట్టేనండీ. మా దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక. కానీ మా గేజీ చూసుకుంటూ కూర్చుంటే ఏం తెలుస్తుంది? భద్రాచలంలో 43 దాటిందంటే ఆ నీళ్లు మా మీదికి వస్తున్నాయని ముందే సర్దుకుంటాం. మీరూ ఇక్కడి గాలి ఇక్కడ చూడట్లేదు."

నేను అరగంట చెప్పింది ఆయన అరనిమిషంలో తేల్చేశారు. మా ఆవిడ నవ్వు ఆపుకోవడం నేను చూడలేదనుకుంది.

ఆదివారం పొద్దున ఏడింటికి పోర్ట్‌లాండ్, డాల్స్ పీడనాల మధ్య రెండు మిల్లీబార్ల తేడా. నది అద్దంలా ఉంది. నేను నేర్చుకోవాలనుకున్న విండ్‌సర్ఫింగ్ క్లాసు పొద్దున్నే పెట్టేది అందుకే. గాలి ఇంకా నిద్రలేవక ముందు, రాళ్లకట్ట చాటున హుక్ అనే చోట. ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు వేసుకుని కూడా మొదటిసారి నీళ్లలో పడ్డప్పుడు ఊపిరి ఆగింది. కొండల మీది మంచు కరిగి వచ్చిన నీళ్లు. పలక మీద నిలబడి, మునిగిన తెరచాపని తాడుతో పైకి లాగాలి. నడుముతో లాగితే పడతాం, కాళ్లతో లాగాలి. లెక్కపెట్టడం పదిహేనో మునకకి మానేశాను. మా ఆవిడ మాత్రం నాలుగో ప్రయత్నంలో నిలబడి, నలభై గజాలు వెళ్లి, తిరగడం రాక అక్కడే దూకేసింది.

పదకొండింటికి తేడా నాలుగు మిల్లీబార్లు. ఊరి ముందున్న పచ్చిక మైదానం అప్పటికే తెరచాపలతో నిండిపోయింది. ఇక్కడ గాలిని మైళ్లలో ఎవరూ చెప్పుకోరు, తెరచాప సైజులో చెప్పుకుంటారు. "ఈరోజు నాలుగు" అంటే నాలుగు చదరపు మీటర్ల చాప చాలు, గాలి అంత గట్టిది అని. పక్కన చాప బిగిస్తున్న పెద్దావిడని ఎక్కడ బాగుంటుందని అడిగితే పడమటి దిక్కున మబ్బు అంచు చూపించింది. మబ్బు ఆగి ఎండ మొదలయ్యే గీత ఎక్కడుందో చూసుకోమంది. అంచనా కూడా అందుకే నదికంతా కలిపి ఒకటే ఉండదు. స్టీవెన్సన్‌కి ఒకటి, ఇక్కడికి ఒకటి, ఇంకా తూర్పున రూఫస్‌కి ఒకటి.

మధ్యాహ్నానికి నది నిండా తెల్లటి నురగలు. మావయ్యగారు ఒడ్డున నిలబడి నీళ్లనే చూస్తున్నారు.

"నది పడమరకి పోతోంది. గాలి పడమటినుంచి వస్తోంది. అందుకే అలలు ఇంత నిటారుగా లేస్తున్నాయి" అన్నారు. తర్వాత, "పడవవాడికి ఇదే కావాలండీ. పైకి వెళ్లడానికి చాపెత్తితే గాలే తీసుకుపోతుంది. దిగడానికి చాప దించేస్తే నీళ్లే తీసుకొస్తాయి. లాంచీలు రాకముందు పాపికొండల్లో సరంగులు వాలుగాలి కోసం రోజులకి రోజులు ఒడ్డున వంట చేసుకుంటూ కూర్చునేవారట, మా తాతగారు చెప్పేవారు" అన్నారు.

ఇక్కడి కుర్రాళ్లు కూడా ఒడ్డున వ్యాన్లు పెట్టుకుని వంట చేసుకుంటూ అదే పని చేస్తున్నారు. చేతిలో ఫోన్లున్నాయి, అంతే తేడా. నది మధ్యకి పొడుచుకొచ్చిన ఇసుక మేట మీదనుంచి గాలిపటాలు పట్టుకుని ఎగిరేవాళ్లని చూస్తూ ఇంకో రెండు గంటలున్నాం. ఆ మేట 2006 నవంబరు వరదలో కొండ హిమానీనదం కిందినుంచి కొట్టుకొచ్చిన రాళ్లూ ఇసుకతో ఏర్పడిందే. కొండ సరుకు మీదనుంచే నది ఆట నడుస్తోందన్నమాట.

తిరుగుదారిలో కాస్కేడ్ లాక్స్ దగ్గర మళ్లీ మబ్బు, మళ్లీ వైపర్లు. బానవిల్ డ్యాము దగ్గర ఆగి మావయ్యగారికి చేపలు డ్యాము దాటి ఎగువకి ఎక్కిపోయే మెట్లు చూపించాను. ఆయన చేపలకన్నా గేట్లని ఎక్కువసేపు చూశారు.

జూలైలో వాళ్లు వెళ్లిపోయారు. ఆగస్టులో ఒక రాత్రి వాట్సాప్‌లో మెసేజ్: "భద్రాచలం 41.3. మీ డాల్స్ ఎంత?"

చూశాను. "మూడున్నర" అని కొట్టాను.

"మరి రేపు ఆఫీసుకి వెళ్తున్నారా?" అని వెంటనే వచ్చింది.