సైలెన్సర్ చిల్లు

పర్లాకిమిడి, ఆదివారం. రాత్రంతా కురిసి పొద్దున్నే తెరిపిచ్చింది. తడి నేల మీద కరెంటు వెల్డింగ్ పెట్టకూడదు కనుక, ఆ పని మధ్యాహ్నానికి ఉంచి ముందు విప్పడం మొదలుపెట్టాను.

బండి మేనల్లుడిది. 125 సీసీ, కార్బురేటర్‌ది. ఆర్.ఉదయగిరి ఘాటీలో రాయి తగిలి సైలెన్సర్ అడుగున సొట్టా, దాని పక్కనే బఠాణీ గింజంత చిల్లూ పడ్డాయి. తప్పు రాయిది కాదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బజారుకీ ఇంటికీ తిరిగే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి నీరై అడుగున నిలిచి రేకుని లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇంజిన్ హెడ్డు దగ్గర సైలెన్సర్‌ని పట్టి ఉంచే రెండు నట్లకీ తుప్పు వదిలించే స్ప్రే రాత్రే కొట్టి ఉంచాను. 10 నంబరు బాక్సు స్పానరుతో కొంచెం వదులు, కొంచెం బిగువు, మళ్లీ వదులు. ఒకే ఊపున తిప్పితే స్టడ్, అంటే నట్టు ఎక్కే మరకడ్డీ, విరుగుతుంది. అల్యూమినియం హెడ్డులో ఇరుక్కున్న ముక్కని తీయడం సైలెన్సర్ పని కంటే పెద్దది.

విప్పాక స్క్రూడ్రైవర్ పిడితో చిల్లు చుట్టూ తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. ఖంగుమనే చోటు వచ్చేదాకా కోసుకుంటూ పోతే బఠాణీ చిల్లు కాస్తా అగ్గిపెట్టెంత కిటికీ అయింది. చాలామంది చిల్లు మీదే చిన్న ముక్క అతికిస్తారు. పుచ్చు రేకు వేడికి కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుంది, తప్పంతా వెల్డర్ మీద పడుతుంది.

అతుకుకి 18 గేజి నల్ల రేకు, అంటే 1.2 మిల్లీమీటర్లది, నాలుగు వైపులా 10 మిల్లీమీటర్లు ఎక్కేటట్టు కోసి, పాత నీళ్ల పైపు మీద కొట్టి వంపు తెచ్చాను. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దు. వెల్డింగ్‌లో వచ్చే దాని జింకు పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. అతుకు కూర్చునే చోట రంగూ తుప్పూ గీకి తెల్లగా మెరిపించాలి.

2 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు, 45 ఆంపియర్లు. ముందు నాలుగు మూలలా చుక్కలు. తర్వాత ఒక పక్క సెంటీమీటరు, చల్లారాక ఎదురు పక్క సెంటీమీటరు. మంట ఎప్పుడూ కొత్త రేకు మీదే నిలిపి, పాతదాన్ని అంచుతో తాకించాలి. ఒకే గీతగా లాగితే పాత రేకు కారిపోతుంది. వెల్డింగ్ లేనివాళ్లు సైలెన్సర్ పుట్టీ రాసి రేకు చుట్టి క్లాంపు బిగించుకోవచ్చు, కొన్ని నెలలు ఆగుతుంది. మామూలు ఎపాక్సీ ముద్ద ఆ వేడికి నిలవదు.

అడుగున సన్న బెజ్జం ఒకటి కంపెనీ నుంచే ఉంటుంది, నీరు పోవడానికి. అది చిల్లనుకుని మూసేస్తే అతుకు కూడా లోపలి నుంచి పుచ్చుతుంది.

“మావయ్యా, ఎలాగూ కోశావు కదా, లోపలి జాలీలు పీకేయ్, సౌండు బాగుంటుంది” అన్నాడు. ఒప్పుకోలేదు. 80 నుంచి 175 సీసీ బండికి కంపెనీ నుంచి వచ్చేటప్పుడే శబ్దం హద్దు 77 డెసిబెల్స్. దాటితే పదివేల దాకా జరిమానా రాసే వీలుంది. పైగా ఆ జాలీలకు తగ్గట్టే కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు అమర్చి ఉంటుంది, అవి పోతే గాలితో కలిసే పెట్రోలు వంతు తగ్గి ఇంజిన్ వేడెక్కుతుంది. కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్6 బండయితే పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా ఉంటుంది, దాని జోలికి అసలే వెళ్లకూడదు.

బిగింపులో వరుస ముఖ్యం. హెడ్డు దగ్గర పొగ కారకుండా ఆపే గ్యాస్కెట్ రింగు కొత్తది పెట్టి, నట్లు వేళ్లతో ఎక్కించి, వెనక బోల్టు వదులుగా తగిలించాలి. ఆ తర్వాత హెడ్డు నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, చివర్న వెనక బోల్టు. హెడ్డు నట్లకి మణికట్టు బలం చాలు. వెనకది ముందు బిగిస్తే పైపు లాగుడు మీద ఉండి బ్రాకెట్ దగ్గర చిట్లుతుంది.

వాకిట్లోకి తెచ్చి స్టార్ట్ చేసి, వెనక తడిగుడ్డ కాసేపు అడ్డం పెట్టి, అతుకు మీద సబ్బునీళ్లు చల్లాను. ఒక మూల బుడగ వచ్చింది. చల్లార్చి మరో చుక్క వేశాక ఆగింది. 600 డిగ్రీలు తట్టుకునే నల్లరంగు పలచగా రెండు పూతలు కొట్టాను.

రేపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్డు నట్లు మళ్లీ చూడాలి. కొత్త గ్యాస్కెట్ ఒకసారి వేడెక్కితే అణుగుతుంది.