మా ఆటలోని ఊళ్లకు పెద్దలు దొరికిన వైనం

ఊహాలోకం కట్టేటప్పుడు పటం గీయడం సులువైన పని. నదులు ఎక్కడ పుట్టాలో, గుట్టలు ఎటు వాలాలో ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోతుంది. ఆ ఊళ్లలో చనిపోయినవాళ్లు ఏమవుతారు అన్నది తేల్చడానికే నాకు చాలా కాలం పట్టింది.

హనుమకొండలో మా మేడ మీద సెలవు రోజుల్లో మేము కొందరం ఆడుకునే ఆట ఇది. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు, ఎటూ తేలని చోట పాచికలు తీర్పు చెబుతాయి. కథ నడిపేది నేను. మా అక్క కూతురు, కాలేజీలో నాతో పాటు పాఠాలు చెప్పే ఇద్దరు, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మిత్రుడు ఆడతారు. బజారులో దొరికే ఆటల్లోని రాతికోటలు, డ్రాగన్లు మాకు రుచించలేదు. మన ఎండ, మన చెరువులు ఉన్న లోకం కావాలనుకున్నాం. ఆ లోకంలో ప్రతి ఊరూ తన పూర్వీకుల ఆత్మలను కాపాడుకుంటుంది, ఆ ఆత్మలు ఊరిని కాపాడతాయి. మొదట అందరం ఒప్పుకున్న సూత్రం అంతవరకే. వాళ్లను మేము పెద్దలు అనే అంటాం.

తొలి రూపంలో పెద్దలు ఉండే చోటు ఒక్కో ఊరికి ఒక్కోటి ఇచ్చాను. కొలిమిపాడు వాళ్లు పెద్దలను ఇనుప ప్రమిదలో ఉంచుతారు. ఉప్పుమడుగు వాళ్లు ఉప్పుగడ్డలో. నేతగాళ్ల ఊరు దారాలగడ్డలో గుడ్డకు వేసిన ముడుల్లో. రేవు మీద బతికే పడవవాళ్లకు సొంత నేల లేదు కాబట్టి వాళ్ల పెద్దలు పడవలోనే ఉంటారు. రాసుకున్నప్పుడు నాకే ముచ్చటేసింది. ఆడడం మొదలుపెట్టగానే చప్పబడిపోయింది. దొంగ ఎవరో తెలియకపోతే ప్రమిద వెలిగించి అడుగుతున్నారు. దారి తప్పితే ముడి విప్పి అడుగుతున్నారు. ఆత్మ వస్తుంది, అడిగింది చెబుతుంది, వెళ్లి మళ్లీ ప్రమిదలో పడుకుంటుంది. మా అక్క కూతురు పాచికలు బల్ల మీద పెట్టేసి, “మామయ్యా, ఈయన మన ముత్తాతా, గూగులా?” అంది.

రోజుకు ఇన్ని ప్రశ్నలే అడగాలని కట్టడి పెట్టి చూశాను. పిలిచినవాడి ఆయుష్షులో కొంత తరుగుతుందని భయపెట్టి చూశాను. ఈ లోకాలు కట్టేవాళ్లందరూ చేసేది ఇదే. మాయకు ఒక ధర కట్టేసి సరిపెట్టుకుంటారు. ధర కడితే సరుకు అవుతుంది తప్ప బంధువు కాదు. మా ఊళ్లకు, పెద్దలకు మధ్య బేరం కుదిరింది గానీ చుట్టరికం కుదరలేదు.

అప్పుడు ఆటల పుస్తకాలు పక్కన పెట్టి, మన చుట్టుపక్కల ఊళ్లు పోయినవాళ్లతో ఎలా నెగ్గుకొస్తున్నాయో చూడడం మొదలుపెట్టాను. దాని కోసం ఎక్కడికో పోనక్కర లేదు. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు పొద్దున పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. ఆ సాయంత్రమే ఆ ఇంటి ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని బయలుదేరుతారు. మధ్యలో విరామమంటూ ఉండదు. మా ఆటలో ఈ రెండూ అప్పటి వరకు వేర్వేరు పుటల్లో ఉన్నాయి. చావుకు సంబంధించినదంతా నల్లగా, పొగమంచుగా ఒక వైపు, పండగలు ఇంకో వైపు. ముందు ఆ అడ్డుగోడ తీసేశాను.

అసలు మలుపు కేస్లాపూర్ నుంచి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని ఈ ఊరిలో పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర మొదలవుతుంది. జరిపేది గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు. జన్నారం మండలంలోని హస్తిన మడుగు దాకా కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. తిరిగి వచ్చాక కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసి, వంశంలో చనిపోయినవాళ్లకు తూమ్ అనే కర్మ జరుపుతారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. పోయినవాళ్ల లెక్క, వచ్చినవాళ్ల లెక్క ఒకే జాతరలో తేలుతుందన్నమాట. వందల కుటుంబాలు వచ్చినా వంట మాత్రం 22 పొయ్యిల మీదే. వంతు వచ్చేదాకా ఆగాలి. కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇవ్వాలి.

ఆ పొయ్యిలు, ఆ కుండలు నా ఆటను నిలబెట్టాయి. కొలిమిపాడుకు అయిదు పొయ్యిలు రాసిచ్చాను. ప్రమిద తీసేశాను. ఏడాదికి ఒకసారి పెద్దలకు వండి పెట్టాలి, ఆ అయిదు పొయ్యిల మీదే వండాలి, కుండలు ఉప్పుమడుగు నుంచి రావాలి. అంతకు మించి ఒక్క నియమం కూడా రాయలేదు.

తరువాతి ఆట నాకు ఇప్పటికీ గుర్తే. ఉప్పుమడుగు వాళ్లతో కొలిమిపాడుకు చెరువు తూము దగ్గర తగాదా నడుస్తోంది. పెద్దల రోజు దగ్గర పడింది, కుండలు రాలేదు. ఇదివరకటి పద్ధతిలో అయితే ఆత్మను పిలిచి ఉపాయం అడిగేవాళ్లు. ఇప్పుడు పిలవాలంటేనే కుండ కావాలి, కుండ కావాలంటే తగాదా తెంపుకోవాలి. మా సహోద్యోగి ఒకరు, ఎప్పుడూ కత్తి తప్ప ఇంకో మాట ఎత్తనివారు, ఊరి పెద్దమనిషి పాత్రలో లేచి నిలబడి, “తూము ఒక జాము ఎక్కువ వదులుతాం, కుండలు పంపండి. మీ తాతలూ మా తాతలూ ఒక్క బానలో తిన్నవాళ్లే” అన్నారు. ఆ తాతల సంగతి నేను ఎక్కడా రాయలేదు. ఆయన అప్పటికప్పుడు కల్పించారు. ఉప్పుమడుగు తరఫున ఆడుతున్న మా అక్క కూతురు వెంటనే, “తిన్నారు సరే, ఆ బాన పగలగొట్టింది ఎవరి తాత?” అని ఎదురు తిరిగింది. పాచికలు ఎవరూ ముట్టుకోలేదు. చాయ్ చల్లారిపోయింది. ఆత్మ అనేది బల్ల దగ్గరికే రాలేదు, అయినా మాటలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

తరువాత మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ జరిగే సమ్మక్క సారలమ్మ జాతర గురించి మనవాళ్లకు నేను చెప్పాల్సిందేమీ లేదు. తలనీలాలు, నిలువెత్తు బంగారం పేరుతో ఇచ్చే బెల్లం, జంపన్న వాగు స్నానాలు, ఎటు చూసినా జనం. నా ఆటకు పనికొచ్చింది మాత్రం రాకపోకల క్రమం. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. మరునాడు చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, తుపాకీ గాలిలోకి పేల్చి స్వాగతం చెబుతారు. మూడో రోజు అందరూ గద్దెల మీద ఉంటారు. నాలుగో రోజు వనప్రవేశం. విగ్రహమంటూ లేదు. కాకతీయుల సైన్యంతో పోరాడిన తల్లి ఆ చిలకలగుట్ట దగ్గరే కనుమరుగైందని, అక్కడ భరిణె దొరికిందని కథ.

అంటే ఆ తల్లిని ఊరు భద్రపరిచి పెట్టుకోవడం లేదు. తెచ్చుకుంటుంది, మళ్లీ సాగనంపుతుంది. మధ్యలో రెండేళ్లు ఆమె అడవిలోనే ఉంటుంది. నా లోకంలో కాపాడడమంటే మూత పెట్టి ఉంచడమే. మేడారం ప్రకారం చూస్తే కాపాడడమంటే వేళకు దారి పట్టుకుని వెళ్లి తీసుకురావడం, వేళ దాటకుండా పంపేయడం. ఈ పద్ధతి ఆటలోకి రాగానే ఊళ్ల మధ్య దారులకు విలువ పెరిగింది. అంతవరకు పటంలో గీతలుగా ఉన్న బాటలను ఎవరు బాగు చేయాలి, వాగు పొంగితే పెద్దలు ఏ ఒడ్డున ఆగాలి, ఆగిన చోట ఎవరు వండి పెట్టాలి అన్న తగవులు పుట్టాయి. పంపడం మరిచిన ఊరికి ఏమవుతుందని ఒకరు అడిగారు. అది నేను ఇంకా చెప్పలేదు, చెప్పే ఉద్దేశం కూడా లేదు.

ఇక్కడ ఒక హద్దు గీసుకున్నాను. క్రమం తీసుకున్నాను గానీ తల్లుల పేర్లు తీసుకోలేదు. చిలకలగుట్ట మీద కోయ పూజారులు చేసే పూజ బయటివాళ్ల కంటికి అందదు. మా ఆటలోనూ పెద్దలను తెచ్చే చోట ఏం జరుగుతుందో నేను వర్ణించను, ఆటగాళ్లు ఆ గుట్ట ఎక్కరు. కిందనే ఉండి ఎదురుచూస్తారు. జనం నమ్మకాన్ని పాచికలకు కట్టకూడదని నా పట్టింపు. పైగా ఆ ఎదురుచూపులో వాళ్లు ఆడుకునే మాటలు నేను రాయగలిగే ఏ వర్ణన కన్నా బాగుంటున్నాయి.

పెద్దలు ఎవరో తెలియకపోతే పిలిచేదెవరిని? ఇది ఇంకో చిక్కు. కోయలకు పడిగెలు ఉన్నాయి. ముక్కోణపు గుడ్డల మీద వంశం కథ బొమ్మలుగా ఉంటుంది, డోలు వాయిస్తూ ఆ కథ పాడేవాళ్లు ఉంటారు. అలా పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. గోండులకైతే ప్రధాన్‌లు అనే పాటగాళ్లు కిక్రీ అనే తీగల వాద్యం వాయిస్తూ పాడతారు. గుడ్డ ఎవరైనా దాచవచ్చు, పాట వచ్చినవాడు పోతే ఆ బొమ్మలను చదివేదెవరు? దారాలగడ్డకు ఈ కష్టమే పెట్టాను. ముడుల గుడ్డ భద్రంగా ఉంది, ముడులు చదివే ముసలాయనకు మతిమరుపు మొదలైంది. ఊరంతా రెండుగా చీలింది. తెలిసినంత వరకే పాడదామని కొందరు, ఖాళీలు మనమే పూరిద్దామని కొందరు. నేను మొదటి పక్షం. ఆటలో రెండోది గెలిచింది.

సిరిసిల్ల మిత్రుడు మామూలుగా తక్కువ మాట్లాడతాడు. ఆయన సొంత ఊరు మధ్య మానేరు జలాశయం ముంపులో పోయింది. ఒకనాటి ఆటలో రేవు పైన కొత్త ఆనకట్ట వచ్చి ఉప్పుమడుగు మునిగే పరిస్థితి తెచ్చాను. ఆయన కాసేపు పటం కేసి చూసి, “బొడ్రాయిని తీసుకుపోవచ్చా?” అని అడిగాడు. మా ఆటలో అప్పటికి బొడ్రాయి లేదు. ఊరి నడిబొడ్డున నాటే ఆ రాయి గురించి నాకు తెలియక కాదు, తట్టలేదు. రాయిని పెకిలించి కొత్త కాలనీలో నాటాలా, అక్కడే నీళ్లకు వదిలి కొత్తది ప్రతిష్ఠించాలా అని ఆ రోజంతా వాదులాట. పెకిలించకూడదని ఆయన పట్టు పట్టాడు. “పెద్దలకు ఆ ఊరే తెలుసు. కాలనీ వీధుల్లో మన ఇల్లు ఎట్లా గుర్తుపడతారు?” అన్నాడు. చివరికి ఉప్పుమడుగు వాళ్లు కొత్త రాయి నాటుకున్నారు, పెద్దల రోజున మాత్రం నీళ్లు తగ్గిన అంచు దాకా వెళ్లి అక్కడి నుంచే పిలుచుకురావాలని తీర్మానించారు. ఇంత మంచి నియమం నా బుర్రకు తట్టేది కాదు.

తాడ్వాయి మండలంలోనే దామరవాయి గుట్టల మీద పెద్ద పెద్ద బండలతో కట్టిన ఆదిమ సమాధులు ఉన్నాయి, జనం రాక్షస గుళ్లు అంటారు. వాటిని చూసి ఏ ఊరికీ చెందని పెద్దలను కూడా పటంలో పెట్టాను. కట్టినవాళ్లు లేరు, పిలిచేవాళ్లు లేరు. అవి ఇంకా ఊరికే ఉన్నాయి, కథలోకి రాలేదు.

ఇప్పుడు నడుస్తున్న తగవు మార్లవాయి అనే గోండుల ఊరి పుణ్యం. గోండుల మధ్య బతికి వాళ్ల గురించి రాసిన హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. ఆయనకూ ఆయన భార్యకూ ఆ ఊరిలో సమాధులు ఉన్నాయి, ఏటా జనవరిలో ఊరివాళ్లు వర్ధంతి జరుపుతారు. రక్తసంబంధం లేని మనిషి ఊరికి పెద్ద కావచ్చునన్నమాట. దీన్ని ఆధారం చేసుకుని మా అక్క కూతురు, కొలిమిపాడులో వైద్యం చేస్తూ చనిపోయిన పడవవాళ్ల మంత్రసానికి పెద్దల్లో చోటు ఇవ్వాలని పంచాయితీ పెట్టింది. కొలిమిపాడు సరేనంటోంది. పడవవాళ్లు ఆమె మా మనిషి, మాకే కావాలంటున్నారు. రెండు ఊళ్లూ పిలిస్తే ఆమె ముందు ఎటు వెళ్లాలి, ఆరో పొయ్యి పెట్టడానికి ఉన్న అయిదు పొయ్యిలవాళ్లు ఒప్పుకుంటారా అన్నది తేలలేదు. వచ్చే ఆటకు పడవవాళ్ల తరఫున కుండలు ఎవరు తేవాలో చూసుకోమని చెప్పాను.