టీబీ మాత్రలు, గుప్పెడు బియ్యం

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. జబ్బు సంగతి నాకు మొదట తెలిసింది నా జాకెట్ల వల్లే. వదులైందని ఒక కుట్టు లోపలికి వేసుకుంటే, నెల తిరక్కుండా ఇంకో కుట్టు వేయాల్సి వచ్చింది. తర్వాత దగ్గు, సాయంత్రమైతే సన్నటి జ్వరం, రాత్రి చెమటకు తడిసిపోయే దిండు. మా వీధి ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడి నా దగ్గు విని, "రెండు వారాలు దాటిందా అక్కా? గళ్ల పరీక్ష చేపిద్దాం" అని మూత డబ్బా చేతిలో పెట్టింది. పొద్దున్నే నోరు పుక్కిలించి, లోతు నుంచి దగ్గి తీసిన గళ్ల కావాలంట. రిజల్ట్ వచ్చింది. ఊపిరితిత్తుల టీబీ.

మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. ఎన్ని మాత్రలన్నది మన బరువును బట్టి ఉంటుంది. అందులో రిఫాంపిసిన్ అనే మందుకు మూత్రం నారింజ రంగులోకి తిరుగుతుంది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకుంటే రక్తమనుకుని హడలిపోయేదాన్ని. కడుపులో తిప్పడం, కీళ్లు పట్టేయడం మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా అనుభవించాల్సిందే. మా ఆయనకూ, ఇంటర్ చదివే మా అబ్బాయికీ ఎక్స్‌రే తీశారు. వాళ్లకు జబ్బు లేదు, రాకుండా ఉండడానికి మాత్రలు ఇచ్చారు.

విషయం వీధిలో తెలియడానికి ఒక పూట చాలింది. పండక్కి కుట్టమని ఇచ్చిన గుడ్డలు కొందరు పిల్లల చేత వెనక్కి తెప్పించుకున్నారు. టీబీ దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలి వల్ల అంటుతుంది గానీ గుడ్డల వల్ల, గ్లాసుల వల్ల అంటదు. మందు సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఇంకొకరికి అంటించడం బాగా తగ్గిపోతుంది. ఇవన్నీ మాస్కు వెనకనుంచి ఎంతమందికని చెప్పను? గుళ్లో, అంటే మా చర్చిలో, ఎప్పుడూ నా పక్కన నిలబడి పాడే ఆమె కూడా రాలేదు, ఫోన్లో దండం పెట్టే చేతుల బొమ్మలు పంపేది. భయపడితే అర్థం చేసుకుంటాను. "టైమే దొరకలేదు వదినా" అన్నదే మింగుడు పడలేదు.

ఆ రోజుల్లో మా జేజి, అంటే నాయనమ్మ, తెగ గుర్తొచ్చేది. వయసులో ఉన్నప్పుడు ఆమె మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఆయాగా పనిచేసింది. 1915లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ టీబీ శానిటోరియం పెట్టాయి. దాన్ని చాలా ఏళ్లు నడిపింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. అప్పటికి టీబీకి మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, అంతే వైద్యం. రోగులు నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి అక్కడే మంచాల మీద ఉండేవారంట. ఇంట్లోవాళ్లు దించిపోయి మళ్లీ మొహం చూపని మనుషులకు తల దువ్వడం, గళ్ల డబ్బాలు కడగడం మా జేజి పని. "ప్రార్థన అయ్యగారు చేస్తారులే, డబ్బాలు ఎవురో ఒకరు కడగాల గదా" అనేది. అయ్యగారంటే పాస్టరు. చిన్నప్పుడు ఆ మాటకు నవ్వేవాళ్లం.

తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో పెట్టి, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో మిగతావాళ్లకు ముప్పు పెరిగిందీ లేదు. ఆ ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. టీబీకి ఇంట్లోనే వైద్యం అన్న పద్ధతి ప్రపంచమంతా పాకడానికి అదొక పెద్ద కారణం. నేను కొండ పక్క ఆసుపత్రిలో కాకుండా నా ఇంట్లో, నా మంచం మీదే మందు మింగానంటే ఆ పుణ్యమే. అయితే ఇందులో ఒక చిక్కుంది. శానిటోరియంలో పాలు తెచ్చేవాళ్లూ, మాత్ర మింగేదాకా కదలనివాళ్లూ జీతం మీద ఉండేవారు. ఇప్పుడు ఆ పని వీధి మీద పడింది. వీధి చేస్తే జరుగుతుంది, లేకుంటే లేదు.

బైబిల్లో యేసు చెప్పిన మంచి సమరయుని కథ ఉంది. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని సమరయుడనే పరాయివాడు ఎత్తుకెళ్లి పూటకూళ్ల ఇంట్లో చేర్చిన కథ. దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! అందరూ గాయాలకు నూనె పోసిన సమరయుణ్ణి పొగిడి ముగిస్తారు. మంచం మీద పడున్నప్పుడు నాకు పూటకూళ్లవాడి మీద మనసు పోయింది. సమరయుడు మర్నాడు రెండు దేనారములు, అంటే అప్పటి కూలివాడి రెండు రోజుల సంపాదన, చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానని దారిన వెళ్లిపోయాడు. తర్వాత రోజూ కట్లు మార్చి, గంజి తాగించింది ఎవరు? ఆయన పేరు లేదు, ఊరు లేదు. టీబీ రోగికి కావాల్సింది ఆయనలాంటివాళ్లే.

నాకు అలాంటివాళ్లు దొరికారు. ఎదురింటి ముస్లిం పెద్దమ్మ రోజూ రెండు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చేది. నేను మాస్కు సర్దుకుని దూరం జరిగితే, "నాకేం అవతాదిలే మా, ముందు తిను" అని గడప మీదే కూర్చునేది. పాలాయన డబ్బులు ఎప్పుడిస్తావని అడగలేదు, అడక్కుండా నోట్ పుస్తకంలో రాసుకుంటూ పోయాడు. మా చర్చి సంఘంలో అందరికంటే తక్కువ మాట్లాడే ఒకామె ఉంది, మునిసిపాలిటీలో ఊడ్చే పని. కూడికలో ప్రార్థన చేయమంటే తల వంచుకుని కూర్చుంటుంది. ఆమె పొద్దున డ్యూటీ మధ్యలో మా ఇంటి ముందు చీపురు ఆనించి, నేను మాత్రలు మింగి నోరు తెరిచి చూపించేదాకా కదిలేది కాదు. టెన్షన్ పడి ఏడ్చిన రోజు కూడా ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "ముందు మింగు, తర్వాత ఏడుద్దువు" అంది.

మా ఆడవాళ్ల కూడికలో గుప్పెడు బియ్యం అలవాటు పాతదే. అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెస్తాం. ఏళ్ల తరబడి తెచ్చాను. ఆ బియ్యం సంచి ఒకరోజు మా ఇంటికే వచ్చింది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. మోసుకొచ్చిన మా అయ్యగారి భార్య, "నువ్వేసిందీ ఇందులో ఉంది, తీసుకోమ్మా" అని వంటింట్లోకి నడిచింది. గవర్నమెంటు పోషణకని నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తుంది. 2018లో మొదలైనప్పుడు అది ఐదొందలు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. కుట్టుపని ఆగిపోయిన ఇంట్లో ఆ వెయ్యీ, ఆ బియ్యమూ కలిస్తేనే నెల గడిచింది.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. బయటి ఊరి ప్రసంగీకుడు ఒకాయన ఇంటికొచ్చి చేతులుంచి ప్రార్థించి, "స్వస్థత అయిపోయింది, ఇంక మాత్రలు అవిశ్వాసం" అన్నాడు. సగంలో ఆపితే మందుకు లొంగని టీబీగా మారొచ్చని నాకు తెలుసు. అయినా కడుపు తిప్పుడుకు విసిగిపోయి ఉన్నానేమో, ఆ మాట తియ్యగా వినిపించింది. మా ఆయన ఫోన్ చేస్తే సాయంత్రం మా అయ్యగారు వచ్చారు. వాక్యం తెరవలేదు, వాదన పెట్టలేదు. "మాత్రల అట్ట ఏది, చూపించమ్మా" అని తీసుకుని, ఆ వారానివన్నీ వాడానా లేదా అని లెక్క చూశారు. తర్వాతే ప్రార్థన.

ఆఖరి గళ్ల పరీక్షలో క్రిములు లేవు. జాకెట్ల కుట్లు మళ్లీ విప్పుకున్నాను. ఆయాసం పూర్తిగా పోలేదు, కొంగారెడ్డిపల్లె దాకా నడిస్తే ఒకచోట ఆగాల్సిందే. గుడ్డలు వెనక్కి తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. టైమ్ దొరకని వదినా వచ్చింది, క్రిస్మస్‌కు జాకెట్టు కావాలని. కుట్టిచ్చాను. కూలి ఒక్క రూపాయి తగ్గించలేదు.

ఈ మధ్య ఆశా అమ్మాయి ఇంకో పేరు చెప్పింది. బెల్లం మండీలో మూటలు మోసే కుర్రాడు, పక్క వీధిలో ఒక్కడే ఉంటాడు. దేవుడి మాటెత్తితే లేచిపోతాడు, అందుకని ఎత్తను. గుడ్లు పట్టుకుని పోతాను. జీతం వచ్చిన రాత్రి తాగి, మర్నాడు మాత్ర ఎగ్గొడతాడు. "మళ్లీ వచ్చినావా అత్తా" అని విసుక్కుంటాడు కానీ తలుపైతే తీస్తాడు. నిన్న జీతాలిచ్చారంట. రేపు మండీకి లోడు రాకముందే వాణ్ణి పట్టుకోవాలి.