మూడు తాళాల పెట్టె

మేం కొందరం స్నేహితులం నెలనెలా తలా కొంత వేసుకుని, పేదరికం మీద పనిచేసే సంస్థలకు పంపుతుంటాం. ఈసారి ఎవరికి పంపాలన్న దగ్గర పెద్ద వాదనే నడిచింది. నేరుగా డబ్బే చేతిలో పెడదామని ఒకరు, తాగి తగలేస్తారేమోనని ఇంకొకరికి టెన్షన్. (ఆ భయం ఎప్పుడూ పేదవాళ్ల మీదే, మన మీద మనకు రాదు!) నగదు సాయం మీద చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలు ఆ భయాన్ని ఎప్పుడో కొట్టిపారేశాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్‌లోని ఆడవాళ్ల కథ. 1991లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ అక్కడ పొదుపు సంఘాలు మొదలుపెట్టింది. ఇచ్చింది శిక్షణే. పెట్టుబడంతా వాళ్ల పొదుపే. ఒక ఇనప్పెట్టె, దానికి మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర. అందరూ కూర్చుంటే తప్ప పెట్టె తెరుచుకోదు, లెక్క అందరి ముందే. ఆ పొదుపులోంచి వాళ్లలో వాళ్లే తీసుకునే అప్పు మీద వచ్చే వడ్డీ కూడా వాళ్లకే. ఇంత పకడ్బందీ మా గ్రూపులో లేదు, నిజం చెప్పాలంటే.

రోజుకు 3 డాలర్ల లోపు బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో ఇంకా సుమారు 80 కోట్ల మంది. మా చందా ఏ మూలకని అనిపించకపోదు. అయినా ఈ నెలది అలాంటి సంఘాల శిక్షణకే పంపాం. వచ్చే నెల వాదన అప్పుడే మొదలైంది కూడా.