లాగోస్ నుంచి గుంటూరుకు గెలెడె ముఖం: నా అనుభవం

నైజీరియాలోని లాగోస్‌లో మావారి ఉద్యోగం ముగిసి సామాను సర్దుకుంటున్నప్పుడు ఒక చెక్క ముఖం (మాస్కు) నాకు నిద్ర లేకుండా చేసింది. లెక్కి మార్కెట్లో కొన్నాను. కళ్ళు వాల్చిన ఆడమనిషి ముఖం, తలపాగా చుట్టూ పాము, పైన పిట్ట. అక్కడి యొరుబా జాతివాళ్ళు గెలెడె అనే వేడుకలో పెట్టుకునే ముఖం. "చాలా పాతది, మా ఊళ్ళో పండగలో ఆడింది" అన్నాడు దుకాణదారు. ఆ మాట నమ్మి అడిగినంతా ఇచ్చాను.

ఇలాంటివి తీసుకెళ్ళాలంటే మ్యూజియం అనుమతి కావాలని పక్కింటావిడ చెప్పాక టెన్షన్ పట్టుకుంది. నైజీరియాలో 1979 నాటి చట్టం ఉంది. 1918కి ముందు చేసిన చెక్కడమైతే పురావస్తువే. కొత్తదైనా సరే, కళగానో చరిత్రగానో విలువున్నదై సంప్రదాయ వేడుకలో వాడి ఉంటే అదీ పురావస్తువే. అంటే నేను ఏ మాటకి మురిసి కొన్నానో, అది నిజమైతే నా చేతిలో ఉన్నది అనుమతి లేకుండా దేశం దాటకూడదు.

ఒనికాన్‌లోని నేషనల్ మ్యూజియంకి పట్టుకెళ్ళాను. అక్కడి అధికారిణి దాని ముందువైపు చూడనే లేదు. బోర్లించి లోపల చూశారు. గుడ్డ కట్టే రంధ్రాల్లో దారం ఒరిసిన జాడ లేదు. చెమట తాకిన నలుపు లేదు. పైన కనిపించే పాతదనమంతా పొగ పెట్టి తెచ్చింది. "ఇది ఎవరి తల మీదా ఆడలేదు మేడమ్" అన్నారు.

ఊరట, బాధ రెండూ కలిగాయి. నా మొహం చూసి ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు. గెలెడెని ముఖానికి కట్టుకోరు, టోపీలా నెత్తిన పెట్టుకుంటారు. ముఖం మీద పల్చటి గుడ్డ వేసుకుని అందులోంచే చూస్తారు. ఆడేది మగవాళ్ళు, ఆడవేషంలో. (మన కూచిపూడి సత్యభామ గుర్తొచ్చింది నాకు.) ఊరి అమ్మల్లో, ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవాళ్ళలో, మంచికీ చెడుకీ పనిచేసే శక్తి ఉందని నమ్మకం. వాళ్ళని ప్రసన్నం చేసుకోడానికే ఈ వేడుక. రాత్రి ఎఫె అనే పాటలు, అందులో ఊళ్ళో తప్పు చేసినవాళ్ళకి చీవాట్లు. మర్నాడు మధ్యాహ్నం నాట్యం. ముఖంలో ఆ శాంతం అమ్మ ఓర్పు, పైన పిట్ట ఆమె రాత్రి శక్తి.

ఇంత గట్టి చట్టం ఎందుకో కూడా అక్కడే అర్థమైంది. 1977లో లాగోస్‌లో జరిగిన ఫెస్టాక్ అనే ఆఫ్రికా కళల ఉత్సవానికి చిహ్నం బెనిన్ రాజ్యపు రాజమాత ఇడియా దంతపు ముఖం. దాన్ని 1897లో ఇప్పటి నైజీరియాలోనే ఉన్న బెనిన్ నగరం నుంచి బ్రిటిష్ సైన్యం ఎత్తుకుపోయింది. ఉత్సవానికి అడిగినా బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు. మన అమరావతి శిల్పాలు కొన్ని ఉన్నదీ అక్కడే. ఆవిడ అంత పట్టిపట్టి చూడడం నాకు చాలా నచ్చింది.

మ్యూజియం అనుమతి కాగితం చేతికొచ్చాక ముఖాన్ని రెండు నూలు చీరల్లో చుట్టి చేతిసంచిలోనే పెట్టుకున్నాను. విమానాశ్రయంలో కాగితం చూసి పంపేశారు.

గుంటూరులో విప్పగానే అమ్మ "దిష్టిబొమ్మలా ఉందేమిటే, వాకిట్లో కడదామా?" అంది.

"కాదమ్మా, ఇది అమ్మల కోసం చేసేది" అన్నాను. గోడకి కొట్టలేదు. నెత్తిన ఉండాల్సింది కదా, చిన్న పీట మీద కాస్త వెనక్కి వాల్చి పెట్టాను.